ఎవరి పొగ

"నాకీ కూడొద్దు! తీసీండి!"

దీనమ్మ తోసిన కంచం బల్ల అంచు దాకా జారి ఆగింది. పులుసు ఒలికి ప్లాస్టిక్ గుడ్డ మీద ఎర్రగా పాకింది. జాయ్సీ గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

ఆ రోజు శనివారం. వారమంతా ఆసుపత్రి వార్డులో తిరిగి తిరిగి వాచిన కాళ్ళకు ఒక్క సెలవు దొరికితే, అదీ పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే ఆవిరైపోయింది. అత్తగారికి ఇష్టమని ఏరికోరి వంజరం చేప తెచ్చింది. చింతపండు తగ్గించింది. కారం వేశానంటే వేశాను అన్నట్టు వేసింది. ఇంత చేస్తే దక్కిన మర్యాద ఇది.

"ఏమైందత్తయ్యా?"

"ఏటైందా? ఇది కారం కాదే, నిప్పు! నా నోరు కాలిపోతంది. ముసిల్దాన్ని సంపేద్దావనేటి నీ ఉద్దేసం?"

"అరచెంచాడు కూడా వెయ్యలేదండీ. రంగు కోసం కాస్త చల్లానంతే. పసిపిల్లలకి కలిపి పెట్టినా తినేస్తారు."

"అయితే నాను అబద్దం ఆడతన్నానా? ఒరే ఆనందూ, నాను అబద్దాలకోరునంట, ఇన్నావా?"

ఆనందకుమార్ తలెత్తలేదు. సౌదీలోని ఈ యాన్బులో రిఫైనరీ పైపుల మీదికెక్కి ఎంత ఎత్తునైనా బోల్టులు బిగించగలడు గానీ, ఇంట్లో అమ్మకూ పెళ్ళానికీ మధ్య ఒక్క మాట బిగించలేడు. ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, గొడవ సర్దేసే మొగాడిలా గొంతు సవరించుకున్నాడు.

"కారం పర్లేదమ్మా. ఉప్పే కాస్త ఎక్కువైంది."

జాయ్సీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆహా! ఒకరికి కారం ఎక్కువ, ఒకరికి ఉప్పు ఎక్కువ. ఎప్పుడూ వేసే ఉప్పేనండీ అది. అదివరకు చాలదని పైన చల్లుకున్న మనిషికి ఇవాళ ఎక్కువైందా? ఇద్దరూ కూడబలుక్కుని కూర్చున్నారా, నా వంటకి వంక పెట్టాలని?"

"అదికాదు జాయ్సీ..."

"ఉప్పు సంగతి అలా ఉంచండి. పొద్దున బాత్‌రూంలో ఆ కంపేంటి? అది చెప్పండి ముందు."

అంతవరకు రుసరుసలాడుతున్న దీనమ్మ నోరు మూసుకుని, ఒలికిన పులుసు వైపు చూస్తూ కూర్చుంది.

ఆనందకుమార్ చెయ్యి కంచంలో ఆగింది. "ఎన్నిసార్లు అడుగుతావు? నేనే. నేనే కాల్చాను."

"సిగ్గు లేదూ, అలా చెప్పడానికి?"

"లేదు," అన్నాడతను. కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, "అమ్మ తినడానికి ఏమైనా తెస్తాను" అంటూ చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు.

సిగ్గు ఎందుకుంటుంది? ఈస్టర్ ముందటి లెంటు ఉపవాసాలు మొదలైనప్పుడు శుక్రవారం ప్రార్థన కూడికలో నలుగురి ముందూ లేచి నిలబడి, ఇక సిగరెట్ ముట్టనని చెప్పిన మనిషి. ఈస్టర్ దాటినా మాట మీదే ఉన్నాడని జాయ్సీ ఎంత మురిసిపోయిందో! అత్తగారు విజిట్ వీసా మీద వచ్చాక ఒక పొద్దున బాత్‌రూంలో పొగ వాసన. అడిగితే "నేనే" అన్నాడు. మర్నాడు మళ్ళీ వాసన, మళ్ళీ "నేనే". ఆఖరికి తట్టుకోలేక కూడిక నడిపించే యిర్మీయా అన్నకు చెప్పుకుని ఏడ్చింది. మొన్న శుక్రవారం ఆయన ఆనందకుమార్ నెత్తిన చెయ్యి పెట్టి, ఈ బిడ్డను పొగాకు బంధకంలోంచి విడిపించు ప్రభువా అని కన్నీళ్ళతో ప్రార్థన చేశాడు. అక్కడున్న వాళ్ళందరి కంటే గట్టిగా ఆమేన్ అన్నది దీనమ్మే.

దీనమ్మ గొణుక్కుంటూ లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. జాయ్సీ కంచాలు తియ్యసాగింది. కోపమొస్తే ఆమె చేతిలో గిన్నెలు మాట్లాడతాయి. ఆ రోజు అవి మాట్లాడిన మాటలకు పై అంతస్తు పాకిస్తానీ వాళ్ళు కూడా ఉలిక్కిపడి ఉంటారు.

మొగుడి కంచం సింకులో పడేయబోతూ ఆగింది.

ముల్లు తప్ప మెతుకు లేదు. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. పక్కన నారింజ తొక్కలు. తొక్కలేంటి, ఈ మనిషి పళ్ళు ఎప్పటినుంచి తింటున్నాడు?

పెళ్ళయిన కొత్తలో పండు కోసి పెడితే, "నాకేం జ్వరం రాలేదే" అని నవ్వేవాడు. పొద్దున టిఫిన్ ముట్టేవాడు కాదు. నల్లగా మరిగిన టీ, దాని పక్కన సిగరెట్టు, అదే ఫలహారం. కూర కంచంలో పడీపడకముందే రుచైనా చూడకుండా ఉప్పు చల్లుకునేవాడు, ఆపైన ఆవకాయ. ఏది పెట్టినా చప్పగానే ఉండేది ఆ నాలుకకు. ఇప్పుడో? పొద్దున లేచీ లేవగానే ఇడ్లీ అయిందా అని వంటింట్లోకి తొంగి చూస్తున్నాడు. ఉప్పు సీసా బల్ల మీంచి అలమరలోకి పోయి ఎన్నాళ్ళయిందో జాయ్సీకే గుర్తు లేదు. డ్యూటీ చొక్కాకు పొట్ట దగ్గర గుండీ పట్టడం లేదని మొన్ననే సణిగాడు.

వార్డులో ఇలాంటి వాళ్ళను ఎంతమందిని చూసింది! సిగరెట్ మానిన రోగికి ముందుగా తిరిగొచ్చేది నాలుకే. మానిన కొత్తలో అన్నీ కావాలంటాడు, ఉప్పెక్కువైందని ట్రే తిప్పి పంపిస్తాడు. ఆ ట్రే చూసి, ఈ మనిషి నిజంగానే మానేశాడమ్మా అని నర్సులు నవ్వుకుంటారు. పరాయి మగాళ్ళ ట్రేలు చదవడం వచ్చిన మనిషికి సొంత మొగుడి కంచం కళ్ళకు ఆనలేదు. ముక్కు చెప్పింది నమ్మింది. కంచం చెప్పింది వినలేదు.

ఆనందకుమార్ కాల్చడం లేదు.

మరి ఆ పొగ ఎవరిది?

జాయ్సీ తడి చేత్తోనే వెనక్కి తిరిగి, బల్ల మీద మిగిలిన రెండో కంచం వైపు చూసింది. ఒక్క ముద్ద కలిపి, నోట్లో పెట్టుకుని, ఊసేసిన కంచం. భీమిలి దగ్గర అత్తవారి ఊళ్ళో పెళ్ళినాటి పొద్దున ఇదే దీనమ్మ పచ్చిమిరపకాయ కరకరా కొరుక్కుంటూ చద్దన్నం తినడం జాయ్సీ కళ్ళారా చూసింది. ఇక్కడికొచ్చినప్పటినుంచి తింటున్నదేమిటి? చల్లారిన టీలో నానబెట్టిన రస్కు. లబన్ మజ్జిగ పోసి పిసికిన అన్నం. మెత్తటి అరటిపండు. మొదట్లో పప్పుచారైనా తాగేది, ఇప్పుడు అదీ లేదు. టమాటా తగిలితే మొహం ముడుచుకుంటుంది. కోడలి మీద సాధింపు అనుకుంది జాయ్సీ. సాధించుకోనీ, ఎన్నాళ్ళు సాధిస్తుందో చూద్దాం అని పంతం కూడా పట్టింది.

పెళ్ళినాడు ఆ ఊళ్ళోనే ఇంకొకటీ చూసింది. చేపలగంపలు నెత్తిన పెట్టుకున్న ముసలమ్మలు పెదాలు బిగించి నడుస్తుంటే, ఆ పెదాల మధ్య నుంచి పొగ వచ్చేది. అదేంటని అడిగితే అందరూ నవ్వారు. అడ్డపొగ అన్నారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంటారట. సముద్రపు గాలికి ఆరదు, పైకి నిప్పు కనబడదు, ఇంట్లో మామగారికి తెలియదు. "అది ముసిల్దాయిల పనిలే. నాకా అలవాటు నేదు," అని దీనమ్మ అప్పుడే అంది, ఎవరూ అడగకుండానే.

జాయ్సీ వంటింటి అటక మీది ఎండుచేపల డబ్బా దించింది. అత్తగారు ఊరినుంచి మోసుకొచ్చి, కోడల్ని ముట్టనివ్వని డబ్బా అది. మూత తీస్తే నెత్తళ్ళ కంపు గుప్పుమంది. చేపలు పక్కకు తోస్తే అడుగున ప్లాస్టిక్ సంచి, అందులో చుట్టలు. ఒకటి సగం కాలింది. దాన్ని తీసి కిటికీ వెలుతురులో తిప్పి చూసింది. కాలని కొస పొడిగా ఉంది. కాలిన కొస తడిసి మెత్తబడింది.

డబ్బా మూత పెట్టింది గానీ ఆ చుట్టను చేతిలోనే ఉంచుకుంది.

తలుపు చప్పుడైంది. కింద బకాలా కొట్లో కొన్న లబన్ సీసా, రొట్టె పట్టుకుని ఆనందకుమార్ వచ్చాడు. పెళ్ళాం చేతిలోది చూశాడు. సీసా గట్టు మీద పెట్టి, వెనక్కి వెళ్ళి అమ్మ గది తలుపు వేసే ఉందా అని చూసి వచ్చాడు.

"ఈస్టర్ తర్వాత ఒక్క సిగరెట్టయినా కాల్చారా మీరు?" జాయ్సీ గొంతు పెంచలేదు. పెంచి ఉంటేనే అతనికి బాగుండేది.

"లేదు."

"ఒక్కటీ?"

"లేదన్నాను కదా."

"మరి నేను నానా మాటలూ అంటుంటే ఎందుకు పడ్డారండీ? అబద్ధాలకోరని అన్నాను. దేవుణ్ణే మోసం చేశారన్నాను. యిర్మీయా అన్న నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే తలవంచుకుని కూర్చున్నారే! ఎందుకు?"

"ఏం చెయ్యమంటావు?" అన్నాడు ఆనందకుమార్. "చిన్నప్పటినుంచీ నాకు తెలుసు. నాకు తెలుసని అమ్మకు తెలుసు. అయినా ఒక్కరోజు కూడా మేము ఆ మాట ఎత్తుకోలేదు. మా నాన్న పోయేదాకా ఆయన ఎదట కాల్చలేదు. బాప్తిస్మం తీసుకున్నప్పుడు మానేశానని సంఘంలో సాక్ష్యం కూడా చెప్పింది. ఇప్పుడు కోడలికి తెలిస్తే తలెత్తుకోలేదు జాయ్సీ. నువ్వు ఆ రోజు ఎవరిదీ వాసన అని అరిచావు. అమ్మ నావైపు చూసింది. నా నోటికి వచ్చింది చెప్పేశాను."

"గొప్ప పని చేశారు!"

"అమ్మ పరువు నాకు..."

"ఏ పరువండీ? నోరు పుచ్చిపోతుంటే ఏ పరువు?" ఇప్పుడు పెరిగింది ఆమె గొంతు. "ఆవిడ ఏం తింటోందో చూశారా మీరు? రోజూ ఎదురుగా కూర్చుంటారు కదా! కారం పడటం లేదు. పులుపు పడటం లేదు. వేడి టీ తాగలేకపోతోంది. నిప్పు తీసుకెళ్ళి అంగిట్లో పెట్టుకునే మనిషికి చిటికెడు కారం మండుతోందంటే, లోపల ఏం జరుగుతోందనుకున్నారు?"

"ఎండలకి వేడి చేసిందంటోంది. నోరు పూసింది అంతే..."

"నెల్లాళ్ళబట్టి మానని పూతా? నేను నర్సునండీ! మొదటి రోజే నిజం చెప్పి ఉంటే ఆ రోజే నోరు తెరిపించి చూసేదాన్ని. మీరేం చేశారు? ఆవిడ కాలుస్తుంటే మీరు కాపలా కాశారు. నేను మీతో కొట్లాడుకుంటూ కూర్చున్నాను. మీరు త్యాగం చేశాననుకుంటున్నారు. మీ అమ్మని మీరే తగలబెడుతున్నారు!"

"నోర్ముయ్!"

పెళ్ళయినప్పటినుంచి అతను ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక అతనే బిత్తరపోయాడు.

గది తలుపు తెరుచుకుంది. దీనమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చూపు కోడలి చేతిలోని చుట్ట మీద పడి, అక్కణ్ణుంచి కొడుకు మొహం మీదికి పోయింది.

"నువ్వే సెప్పినావా?"

"లేదమ్మా. తనే..."

"ఆడు చెప్పలేదండీ," జాయ్సీ విసురుగా అంది, అత్తగారి యాసలోకి తనకు తెలియకుండానే జారుతూ. "మీ కంచం చెప్పింది. ఇలా వచ్చి కూర్చోండి. నోరు తెరవండి, చూస్తాను."

"నా నోరు నువ్వేటే సూసేది? నా డబ్బా ఎవులు ముట్టమన్నారు నిన్ను? దొంగముండా! నాను నీ ఇంటికి కూటికి రానేదు. నా కొడుకింటికొచ్చినాను."

"తిట్టండి. ఎన్ని తిడతారో తిట్టండి. నోరు తెరిచి తిట్టండి, నాకు లోపల కనబడుతుంది."

దీనమ్మ ఠక్కున నోరు మూసుకుంది. ఆ కోపంలోనూ ఆనందకుమార్‌కు నవ్వొచ్చినంత పనైంది. ఆ వెంటనే అమ్మ కళ్ళు చూశాడు, నవ్వు ఎండిపోయింది. అందులో ఉన్నది కోపం కాదు, భయం. ఆమెకు ఏదో తెలుసు. ఎప్పటినుంచో తెలుసు.

"అమ్మా," అన్నాడు దగ్గరికెళ్ళి. "రేపు ఆసుపత్రికెళ్దాం. నా కోసం."

దీనమ్మ కోడలికి వీపు తిప్పి అంది: "వత్తాను. అక్కడ దీని ఊసెత్తితే మాత్రం మరి నాను మీ ఇంట్లో మెతుకు ముట్టను. మీ కూడిక ఆడగుంటలందరూ అక్కడే పన్జేత్తారు. నాకు తెల్దేటి?"

"ఎత్తనమ్మా."

"నీ పెళ్ళాం?"

ఆనందకుమార్ బతిమాలుతున్నట్టు చూశాడు. జాయ్సీ ఒలికిన పులుసును గుడ్డతో గట్టిగా, ప్లాస్టిక్ చిరిగేటట్టు తుడిచింది.

మర్నాడు పళ్ళ డాక్టరు గది తలుపు తియ్యగానే జాయ్సీ గుమ్మంలోనే ఆగింది. డాక్టరు పక్కన నర్సు కెజియా. శుక్రవారం కూడికలో పాటలెత్తేది ఈ అమ్మాయే. ఇక్కడ విన్నది సాయంత్రానికి నర్సుల హాస్టల్లో అందరికీ చేరుతుంది.

"జాయ్సీ అక్కా! అమ్మగారికి ఏమైంది?" కెజియా ఆప్యాయంగా ఎదురొచ్చింది. దీనమ్మ ముసుగు సరిచేసుకుని, కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

డాక్టరు సూడాన్ ఆవిడ. పెద్దావిడ, నెమ్మదస్తురాలు. కుర్చీలో పడుకోబెట్టి దీపం వెలిగించింది. డాక్టరు ముందు కాబట్టి దీనమ్మ నోరు తెరవక తప్పలేదు. జాయ్సీ పక్కనుంచి తొంగి చూసింది. అంగిలి అంతా తెల్లగా, మందంగా, అట్టకట్టినట్టుంది. ఆ తెలుపులో ఎర్రటి చుక్కలు. వెనకవైపు ఒకచోట పచ్చిపుండు. జాయ్సీ కుర్చీ చేతిని పట్టుకుంది.

డాక్టరు ఇంగ్లీషులో అడిగింది. "ఈవిడ పొగాకు వాడుతుందా? నమలడం గానీ, కాల్చడం గానీ?"

"అలవాటుందా అని అడుగుతున్నారమ్మా, పొగాకు," కెజియా తెలుగులో చెప్పింది.

"నేదమ్మా. ప్రభువు సాచ్చిగా నేదు," అంది దీనమ్మ కెజియాతో.

డాక్టరు నుదురు చిట్లించి ఆనందకుమార్ వైపు తిరిగింది. ఇంట్లో ఎవరైనా కాలుస్తారా అంది.

అతను పెళ్ళాం వైపు చూడలేదు. "నేను కాలుస్తాను మేడమ్. మా అమ్మకు ఏ అలవాటూ లేదు."

నిన్న అంత రాద్ధాంతం జరిగాక, ఆ పుండు కళ్ళతో చూశాక, ఇంకా అదే మాట! జాయ్సీకి ఆ క్షణాన మొగుణ్ణి కాలరు పట్టుకుని లాగి రెండు తగిలించాలనిపించింది. కొడుకు ప్రేమ అంటే ఇంత మొద్దుగా ఉంటుందా?

డాక్టరు మందలిస్తోంది. ముసలి తల్లి ఉన్న ఇంట్లో కాల్చడానికి మనసెలా వచ్చిందని అంటోంది. పొగాకు చరిత్ర లేదు కాబట్టి ముందుగా పూతకు మందిస్తాను, కొన్నాళ్ళు వాడి మళ్ళీ రండి అంటూ కంప్యూటర్ వైపు తిరిగింది. ఆనందకుమార్ చేతులు కట్టుకుని, బడిలో తన్నులు తినే పిల్లాడిలా తలాడిస్తున్నాడు.

దీనమ్మకు ఇంగ్లీషు రాదు. కానీ కొడుకును ఎవరో పరాయి మనిషి తిడుతోందని మాత్రం అర్థమైంది. కుర్చీలోంచి లేచి కూర్చుంది.

"ఏటే కెజియమ్మా, ఏటంటంది ఆవిడ? నా కొడుకునేటి అంటంది?"

కెజియా తటపటాయించింది. జాయ్సీ ముందుకొచ్చింది. ఈ మాట తను అంటే ఇక ఈ అత్త తన మొహం చూడదని తెలుసు. అనకపోతే ఆ పుండు లోపలికి పాకుతూనే ఉంటుంది.

"చెప్తాను వినండి. మీ అబ్బాయి కాల్చిన పొగ వల్లే మీ నోరు ఇలా అయిందంటోంది. కన్నతల్లిని జబ్బు చేసిన దుర్మార్గుడంటోంది. ఆయన నిజమేనని ఒప్పుకుంటున్నారు. మొన్న కూడికలో ఒప్పుకున్నారు, ఇవాళ ఇక్కడ ఒప్పుకున్నారు. మీరు ఆమేన్ అనండి మరి!"

"జాయ్సీ!" ఆనందకుమార్ అరిచాడు.

"మీరు మాట్లాడకండి!"

దీనమ్మ కెజియాను చూసింది. చేతులు కట్టుకుని నిలబడ్డ కొడుకును చూసింది. అంతటి మనిషి, పిల్లాడిలా. చెయ్యి రవికెలోకి పోయి, రుమాలు మూట ఒకటి బయటికి తీసింది. ముడిని పళ్ళతో లాగి విప్పింది. లోపల పొట్టి చుట్ట. దాన్ని తెచ్చి డాక్టరు కీబోర్డు మీద పెట్టింది.

"ఇది నాది," అంది. "నా కొడుకునేటనకు. ఆడు మానేసినాడు. మాటంటే మాటే ఆడిది. నానే. సిన్నగుంటప్పటినుంచి నానే."

కోడలి వైపు తిరిగిన ఆ కళ్ళల్లో నిప్పులే. "నలుగురిలో నా మానం తీసినావు కదే! సల్లబడిందా నీ కడుపు?"

జాయ్సీకి తిరిగి తిట్టాలనీ ఉంది, ఏడవాలనీ ఉంది. రెండూ మాని, చుట్టను డాక్టరు వైపు జరిపింది.

డాక్టరు చుట్టను చేతిలోకి తీసుకుని, ఇదెలా కాలుస్తుందని అడిగింది. కెజియాకు తెలియదు, చెప్పలేకపోయింది. దీనమ్మే చుట్ట లాక్కుని, నిప్పు అంటించే కొసను వేలితో చూపించి, ఆ కొసను నోట్లోకి తిప్పుకుని పెదాలు మూసింది. కెజియా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

డాక్టరు కొత్త చేతితొడుగులు వేసుకుంది. మళ్ళీ పడుకోమంది. ఈసారి దీపం దగ్గరగా దించి, వేలితో పుండు చుట్టూ నొక్కి, మెడ కింద రెండువైపులా తడిమి, ఎడమవైపు ఒకచోట ఆగి మళ్ళీ తడిమింది. లేచాక తొడుగులు తీసేసి, జాయ్సీతో నర్సుతో మాట్లాడినట్టే మాట్లాడింది. మందులతో ఆలస్యం చెయ్యడానికి లేదు. రేపే పుండులోంచి ముక్క తీసి పరీక్షకు పంపాలి. చూస్తే నాకు మంచిగా అనిపించడం లేదు, ఇంట్లోవాళ్ళను సిద్ధం చెయ్యి అంది.

ఆనందకుమార్‌కు ఆ ఇంగ్లీషు అర్థమైంది. గోడకు ఆనుకున్నాడు.

"ఏటంటంది?" దీనమ్మ అడిగింది.

అతను తేరుకుని, నవ్వు తెచ్చిపెట్టుకుని, అమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. "ఏటీ లేదమ్మా. చిన్న పూత. మందు రాస్తే తగ్గిపోద్దంట."

దీనమ్మ కొడుకు మొహంలోకి చూసింది. ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. నిన్నటినుంచి తిట్లే తప్ప మంచి మాట ఆడని మనిషి, ఇటు తిరిగి కోడలి మణికట్టు పట్టుకుంది.

"నువ్వు సెప్పే. ఆడు అబద్దాలాడతాడు."